నాన్న గోరు కింద మరక

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు చిక్కటి పాలు పోసినా, ఇవాళేంటి విశేషం అని ఆరా తీసే రకాన్ని. అలాంటిదాన్ని, పక్షవాతంతో మాట పడిపోయిన నాన్నని ముక్కూ మొహం తెలియని ఆయమ్మకి అప్పజెప్పి బెంజ్ సర్కిల్‌లో ఆఫీసుకి వెళ్ళాల్సొచ్చింది. తొంభైల చివర్లో సంగతి. మేముండే భవానీపురం ఇల్లు నాన్న పేరు మీదే ఉంది.

నాన్న జావ తాగేవాడు కాదు. స్పూను ఆనిస్తే పళ్ళు బిగించేసేవాడు. మనిషి చిక్కిపోతుంటే డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. "ఇంకో రెండు వారాలు చూద్దామమ్మా. తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే." ఏ పూట ఏం పట్టాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ముల్లు అడ్డం పడుతుందని చేపల ఊసే ఎత్తొద్దన్నాను.

ఆయమ్మ నలభై దాటిన మనిషి. ఆ కాగితం వంక చూడలేదు సరికదా, వచ్చిన రోజే మొదలెట్టింది. "నాన్నగారు ఏం పని చేసేవారండీ? ఏ చెయ్యి బాగా ఆడుతుంది? ఏం ఇష్టంగా తినేవారు?"

"కొల్లేట్లో చేపలు కొని ఊళ్ళకి పంపేవాడు. ఎడం చెయ్యి ఆడుతుంది. అయినా ఇవన్నీ నీకెందుకమ్మా?" అన్నాను. ఇంటి గుట్టు లాగుతోందనుకున్నాను.

పది రోజులు తిరిగేసరికి పక్కింటావిడ, "మధ్యాహ్నం మీ తలుపు గడియ వేసే ఉంటోందండీ" అని చెవిన వేసింది. నేనొచ్చేసరికి ఇల్లంతా ఊదొత్తుల వాసన, సింకులో జావ చారలు. నేను పట్టబోతే నాన్నది మళ్ళీ పళ్ళ బిగింపే. ఓహో, పారబోసి తాగించానని చెబుతోందన్నమాట! ఆ సాయంత్రం నాన్న చేతులు తుడుస్తుంటే ఎడమ బొటనవేలి గోరు కింద నల్లటి మరక కనబడింది. మగవాళ్ళకి వేలిముద్ర తీసుకునేది ఆ వేలిదే కదా! ఇంటికే ఎసరు పెట్టింది మహాతల్లి!

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి వచ్చి తలుపు దబదబా బాదాను. ఆయమ్మ తియ్యగానే తోసుకుని నాన్న గదిలోకెళ్ళి అరిచాను. "కాగితాలేవి? నోరులేని మనిషి చేత ఎన్ని వేలిముద్రలు వేయించావు?"

కాగితాల్లేవు. నాన్న దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పళ్ళెం, అందులో రెండు చేపలు. ఎడమ బొటనవేలితో ఒకదాని మొప్ప ఎత్తి, తాజాదో కాదో చూస్తున్నాడు. చేపల వ్యాపారి కూతుర్ని నేను. మొప్ప నెత్తురు గోటి కింద ఎండితే ఎలా ఉంటుందో పుట్టినప్పట్నించీ చూస్తున్నదాన్ని. నాకు సిరా కనబడింది, ఖర్మ!

"రోజూ రెండు తెస్తానండీ" అంది ఆయమ్మ, బెదిరిపోయి. "నాన్నగారు ఏది చూపిస్తే అది పులుసు పెట్టి, ముళ్ళన్నీ తీసి, మెత్తగా పిసికి పెడతాను. రెండోది మా ఇంటికి పట్టుకెళ్తాను. డాక్టరుగారిని అడిగే పెడుతున్నానండీ. మీకు చెబితే మాన్పించేస్తారని భయపడ్డాను, నాదే తప్పు. గిన్నెడు తింటున్నారండీ."

"ఆయనేం చెప్పగలడు?"

"అడిగితే చెబుతారండీ."

పులుసన్నం కలిపి తెచ్చింది. సిగ్గుతో చచ్చిపోతూ గిన్నె లాక్కుని నేనే ముద్ద పెట్టబోయాను. నాన్న పళ్ళు బిగించాడు. ఎందుకు తెరుస్తాడు? నా అరుపులన్నీ విన్నాడు. మంచాన పడ్డ ఈ ఐదు నెలల్లో గొట్టం మాటా, ఇంటి మాటా ఆయన ఎదురుగానే, ఆయన లేనట్టే మాట్లాడేశాను. పడిపోయింది మాటేగానీ చెవులు కాదుగా.

"ఎవరు పెట్టమంటావు నాన్నా?" అన్నాను. జబ్బు చేశాక నాన్నని నేనడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆయన నా వంక చూడకుండా, ఎడం చెయ్యెత్తి ఆయమ్మని చూపించాడు. నేను గిన్నె ఆవిడకిచ్చి పక్కకి జరిగాను.