ఎక్కిన చోటికి వెనక్కి

మా ఆయనకు కాదనడం రాదు. ఎవరు ఏది పెట్టినా తింటాడు, ఎవరు ఎక్కమన్నా ఎక్కుతాడు. ఇంత మొహమాటస్థుణ్ణి వెంటబెట్టుకుని సౌదీలోని అసీర్ కొండల్లో నడవాలనుకోవడం నా బుద్ధి తక్కువ.

అయినా నడవక తప్పలేదు. ఖమీస్ ముషైత్‌లో నేను నర్సుని, ఆయన సైట్ ఇంజనీరు. ఇంటి మెట్ల మీద జారి నా కాలు విరిగితే లోపల రాడ్ వేశారు. సెలవు అయిపోవచ్చింది, ఆదివారం నుంచి వార్డుకు రమ్మన్నారు. వార్డంటే షిఫ్టంతా నిలబడే ఉండాలి. నీ వల్ల కాదు, ఉద్యోగం వదిలేసి, వీసాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని హన్మకొండ వెళ్లిపొమ్మని ఆయన ఒకటే పోరు. నాకు ఒళ్లు మండింది. శనివారం కొండ మీది ఊరి నుంచి లోయలో ఊరి దాకా నడిచి చూపిస్తాను, నడిస్తే ఇక ఎగ్జిట్ మాట ఎత్తొద్దన్నాను. నడవలేకపోతే నువ్వు చెప్పినట్టే వింటానని కూడా అనేశాను. నోరు ఊరుకోదు కదా.

పొద్దున్నే పొగమంచు. రోడ్డు కింద మెట్లుమెట్లుగా చేలు, రాళ్లతో కట్టిన పాత ఇళ్లు. గోడల మీద కోతులు గుంపుగా కూర్చుని మమ్మల్ని ఎగాదిగా చూశాయి. మొదటి ఊళ్లో ఒక మలయాళీ నడిపే బూఫియాలో, అంటే చిన్న టీకొట్లో, వేడివేడి కరక్ చాయ్ తాగాం. కాలు బాగానే ఉంది. ఈ మాత్రానికేనా ఇన్నాళ్లు భయపడ్డాను అనుకున్నాను.

ఊరు దాటగానే మొదలైంది అసలు గోల. ఇక్కడ రోడ్డు మీద ఎవరైనా నడుస్తుంటే వాళ్ల బండి చెడిపోయిందనే లెక్క. ప్రతి కారూ ఆగుతుంది. మొదటి రెండింటినీ నేను దండం పెట్టి పంపేశాను. తర్వాత తెల్లగడ్డం పెద్దాయన ఒకరు పికప్ ఆపి తలుపు తీశాడు. పెద్ద మనిషి బాధపడతాడంటూ మా ఆయన ఎక్కి కూర్చున్నాడు! నేనూ ఎక్కాల్సి వచ్చింది. ఆ పెద్దాయన మమ్మల్ని రెండో ఊళ్లో దింపి, ఖర్జూరాలు కూడా చేతిలో పెట్టి వెళ్లాడు.

"పద వెనక్కి," అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కిన కాడికి. ఈ ముక్క నేను నడవలే."

నవ్వులాటకు అంటున్నాననుకున్నాడు. నేను అప్పటికే ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాను. గొణుక్కుంటూ వెనకే వచ్చాడు. అలా ఆ దారి ఒకసారి ఎక్కి, మళ్లీ దిగాం. కోపంలో చేసిన పనికి నా కాలు బాగానే శిక్ష అనుభవించింది.

మూడో ఊళ్లో ఒక ఇంటివాళ్లు గహ్వా కాఫీకి లోపలికి పిలిచారు. ఆడవాళ్ల గదిలో ఒక అవ్వ నా ఆపరేషన్ మచ్చ చూసి, కాలు దిండు మీద పెట్టించి, జాలిగా తల ఊపింది. బయటికి వస్తే ఈయన ఇంకా తాగుతూనే ఉన్నాడు. చాలనుకుంటే కప్పు ఊపి ఇచ్చేయాలి. ఈయన ఊపడు, వాళ్లు పోయడం ఆపరు.

మధ్యాహ్నం తర్వాత దిగుడు. అడుగు వేస్తే రాడ్ ఉన్న చోట సలుపు. చీలమండ వాచి బూటు బిగిసింది. లోయలో ఊరి మీనార్ కనబడుతోంది గానీ దగ్గర కావడం లేదు. సరిగ్గా అప్పుడు ఒక కారు ఆగింది. వెనక కూర్చున్న ఆవిడ జరిగి నాకు చోటిచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు ఎక్కేయాలనే ఉంది. హన్మకొండకైనా వెళ్లిపోతాను, ఈ నొప్పి పోతే చాలనిపించింది. చెయ్యి తలుపు దాకా వెళ్లింది కూడా.

మా ఆయన ముందుకొచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"లా, షుక్రన్," అంటూ వద్దన్నాడు. తర్వాత అరబీ దొరక్క తెలుగులోనే, "మా ఆమె నడుస్తది."

వాళ్లకేం అర్థమైందో, నవ్వి వెళ్లిపోయారు. నాకు చంపేయాలన్నంత కోపం, ఏడుపు, వాటన్నిటి కన్నా ఎక్కువ సంతోషం. పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి పరాయివాళ్లతో కాదనడం వినడం అదే మొదటిసారి. నిమ్మళంగా నడువు అంటూ నా సంచి తీసుకున్నాడు. ఆగుతూ, కూర్చుంటూ, పొద్దు ఉండగానే దిగాం.

కింద బూఫియాలో నా కాలు ఎదురు కుర్చీ మీద పెట్టించి, వార్డు షిఫ్టు ఎప్పుడని అడిగాడు. పొద్దుటిదే అన్నాను.

"అయితే జల్ది లేవాలె. నేనే దింపుత," అన్నాడు.