రంగు కింది పూసలు

జూబ్లీహిల్స్‌లో ఒక దర్శకుడి ఆఫీసుకి వెళ్తే లిఫ్టు దిగగానే అద్దాల పెట్టెలో ఒక యుద్ధ ట్యాంకు కనిపిస్తుంది. మూరెడు పొడవుంటుంది. కథలు చెప్పడానికి వచ్చి సోఫాల్లో పడిగాపులు పడే కుర్రాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. అది నేను చేశానని ఫిల్మ్‌నగర్‌లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను కాబట్టి తెలుసు. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు వస్తే కెమెరా ముందు కూర్చుని, ఒక్కో బోల్టూ ఎలా పెట్టానో చేతులు తిప్పుతూ వివరించాను. ఆ బోల్టులు నేను పెట్టలేదు. నా భార్య పెట్టింది. ఈ మాట ఇంతవరకూ ఎక్కడా రాలేదు, అందుకని రాస్తున్నాను.

నేను సినిమాలకు మినియేచర్లు చేస్తాను. తెర మీద కూలిపోయే కోట, మునిగిపోయే ఓడ, పేలిపోయే రైలుపెట్టె, ఇవన్నీ చిన్న సైజులో చేసిచ్చే పని. ఆర్ట్ డిపార్టుమెంటులో మాకో అలవాటుంది. ఏది కట్టినా కెమెరా వైపే కడతాం. ముందునుంచి చూస్తే రాజమహల్, వెనక్కి వెళ్తే ప్లైవుడ్డూ మేకులూ. కెమెరాకి కనపడని చోట చెయ్యి పెట్టేవాణ్ణి పని రానివాడి కింద లెక్కేస్తాం. "అటు ఎవడు చూస్తాడ్రా" అని మా మేస్త్రీ అంటే అది తిట్టు కాదు, పాఠం. ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది.

నా భార్య ఎర్రగడ్డలో పుట్టి పెరిగింది. మాది గుడివాడ పక్క. సినిమా కాస్ట్యూముల మీద మగ్గం వర్కు చేసే షెడ్డులో ఆమె పనిచేసేది. నేనో చిన్న జైలు చేస్తూ కటకటాలకి సన్నటి తీగ దొరక్క ఆ షెడ్డుకి వెళ్లాను. మగ్గం మీద ఎర్ర జాకెట్టు గుడ్డ బిగించి ఉంది. ఆమె తల ఎత్తకుండానే, "జర ఆగు సారూ. పెళ్లికూతురి జాకెట్టు కంటే నీ జైలు అర్జెంటా?" అంది. అక్కడున్న ఆడవాళ్లందరూ నవ్వారు. నేను ఆగాను. తర్వాత అవసరం లేకపోయినా తీగ కోసం వెళ్తూనే ఉన్నాను. ఒకరోజు, "ఇంత తీగ తీస్కపోయినవ్, ఊరందరినీ జైల్ల ఏస్తున్నవా ఏంది?" అని అడిగింది.

పెళ్లయ్యాక ఫిల్మ్‌నగర్ కొండవాలులో మేడమీద పోర్షన్‌కి చేరాం. భోజనాల బల్లే నా పనిబల్ల. నేను పనిచేస్తుంటే ఆమె వచ్చి ఎదురుగా కూర్చునేది, మొదట కబుర్లకి, తర్వాత పట్టుకార పట్టుకుని. కొన్నాళ్లకి చిన్నచిన్న పనులన్నీ ఆమె చేతిలోకి వెళ్లిపోయాయి. కోట తలుపులకి గడియలు, ఓడకి తాళ్లు. ఇద్దరం ఒకే ముక్క మీద వంగి తలలు కొట్టుకునేవాళ్లం. "కొమ్ములొస్తయ్, ఇంకోసారి కొట్టు," అనేది. నేను జిగురు చుక్క పెట్టేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. తర్వాత వదిలే ఆ ఊపిరి నా చేతి మీద తగిలేది.

ఆ దర్శకుడి యుద్ధం సినిమాకి ట్యాంకు కావాలన్నారు. బురదలోంచి కుడివైపుకి వెళ్లే ఒక్క షాటు, కెమెరాకి ఒక పక్కే కనిపిస్తుంది. ప్లాస్టిక్ షీటు కోసి ఒళ్లు కట్టాను, చక్రాలు వేశాను, చైన్లు బిగించాను, పైన తిరిగే టర్రెట్టూ దానికి తుపాకీ గొట్టమూ పెట్టాను. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా ట్యాంకులా లేదు.

ఆమె చుట్టూ తిరిగి చూసి, "సబ్బుపెట్టెకు చక్రాలు పెట్టినవ్," అంది.

"రంగు పడితే బాగానే ఉంటుందోయ్."

"రంగేసిన సబ్బుపెట్టె ఐతది."

మర్నాడు స్కూటర్ మీద సికింద్రాబాద్ వైపు వెళ్లాం. అక్కడ మిలిటరీ వాళ్ల గేటు పక్కన పాత ట్యాంకొకటి దిమ్మె మీద నిలబెట్టి ఉంటుంది. ఆమె వెనక కూర్చుని, మళ్లీ తిప్పు, మళ్లీ తిప్పు అంటూ నాచేత అదే రోడ్డులో చక్కర్లు కొట్టించింది. కాపలా జవాను చెయ్యెత్తి ఆపాడు. నేను బండి వెనక్కి తిప్పబోయాను. ఆమె మాత్రం బండి దిగి, ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలు బేరమాడినట్టు, "భయ్యా, జర ఎన్క సైడు కూడా చూడనియ్యరాదు? ముందల చూసినం," అంది. అతను నవ్వు ఆపుకుంటూ పొమ్మని కసిరాడు. దారంతా ఆమె నా వీపు మీద వేలితో గీస్తూనే ఉంది, అతుకు ఎక్కడ ఉబ్బిందో, కొక్కెం ఎక్కడుందో మరిచిపోకుండా.

తర్వాత కొన్ని మధ్యాహ్నాలు ఆ బల్ల దగ్గర గడిచాయి. నా జీవితంలో మళ్లీ కావాలని కోరుకునేవి ఏవన్నా ఉంటే అవే. రేకులు అతికిన చోట వెల్డింగ్ చారలు కావాలి. ఆమె పుట్టీని దారంలా సాగదీసి అతుకు వెంట పరిచి, సూది మొనతో పక్కపక్కనే నొక్కుతూ పోయింది. కరిగి గడ్డకట్టిన ఇనుములా వచ్చింది. లాగుడు తాడుకి రాగి తీగలు మెలేసింది. హెడ్‌లైటుకి వెళ్లే వైరు గొట్టం కోసం ఏం వాడాలో నాకు తోచలేదు. ఆమె తన డబ్బాలోంచి జర్దోసీ తీసింది. జర్దోసీ అంటే స్ప్రింగులా సన్నగా చుట్టిన బంగారు రంగు తీగ, ముక్కలు చేసి జాకెట్ల మీద కుడతారు. అచ్చం గొట్టంలాగే వంగింది. బోల్టు తలలకి మగ్గం పూసలు. నేను చేతి డ్రిల్లుతో గుంట పెట్టాలి, ఆమె సూదికి గుచ్చిన పూసని అందులో సగం మునిగేలా దించాలి. పూసలు ఏవి మిగిలితే అవి: మెరూన్, చిలకపచ్చ, ముత్యాల తెలుపు.

రంగు వేయకముందు ట్యాంకుని చూడాలి. తెల్ల ప్లాస్టిక్కు మీద రాగి, బంగారం, పచ్చ పూసలు. ఎవరి పని ఏదో దూరంనుంచే చెప్పొచ్చు. తెల్లగా ఉన్నదంతా నాది, మెరిసేదంతా ఆమెది.

"సీమంతానికి పోతున్నట్టుంది నీ ట్యాంకు," అని నవ్వింది. "మా అక్క రేపొస్తది. ఆమెకు చూపిస్తా. అప్పుడెయ్యి రంగు."

అప్పుడే నేను దాన్ని ఎత్తి అటు తిప్పి చూశాను. కెమెరాకి కనపడని పక్క కూడా ఆమె పూర్తి చేసింది. వెనకా చేసింది. నేను షూటింగుకి వెళ్లినప్పుడల్లా కూర్చుని, గుంటలు కూడా తనే పెట్టుకుని చేసిందన్నమాట.

"ఇటు ఎవరు చూస్తారని?" అన్నాను. మేస్త్రీ గొంతు నాలోంచి వచ్చింది. "ఈ టైములో ఇంకో బొమ్మ అయ్యేది. నీకు చెప్పలేదా?"

"చెప్పినవ్."

"మరి?"

"సగం జాకెట్టు ఎట్ల ఇస్తరు?" అని, సంచి తీసుకుని మార్కెట్టుకి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి నేను డాబా మీద ప్రైమర్ కొట్టేశాను. ప్రైమరంటే రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత. అర్జెంటని ఎవరూ అనలేదు. కోపంగా ఉంది, డబ్బా చేతికి దొరికింది, కొట్టాను. రాగి, బంగారం, చిలకపచ్చ, అన్నీ ఒకే బూడిదరంగైపోయాయి. ఆమె కూరగాయల సంచి దింపకుండానే దగ్గరికొచ్చి వంగి చూసింది. గొడవ పెట్టుకుంటుందనుకున్నాను.

"ఎండిందా?" అని మాత్రం అడిగింది.

వాళ్లక్క మర్నాడు వచ్చి చూసి, "మీ ఆయన మంచిగ చేసిండే," అని వెళ్లింది.

తర్వాత షాటు మారిపోయింది. దర్శకుడు గ్రాఫిక్స్ వాళ్లని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. ట్యాంకుని చుట్టూ స్కాన్ చేసి కంప్యూటర్లో వందల ట్యాంకులు చేస్తారట. మాకప్పటికి ఆ పద్ధతి కొత్త. ఒక పక్కే చేసి ఉంటే నా పని అయిపోయేది. గ్రాఫిక్స్ కుర్రాడు బల్ల చుట్టూ తిరుగుతూ, "సర్, బ్యాక్ కూడా ఫుల్ డీటెయిల్! క్రేజీ!" అన్నాడు.

దర్శకుడు నా భుజం మీద చెయ్యేశాడు. "ఎవరూ చెయ్యరండీ ఇలాగ. కనపడదని తెలిసి కూడా చేశారు చూశారా, అదండీ కావలసింది."

"మీరు ఎటునుంచి అడుగుతారో అని ముందే అనుకున్నానండీ," అన్నాను.

అదే సమయానికి ఆమె టీ తీసుకుని వచ్చింది. దర్శకుడు గుటకేసి, "టీ అద్భుతంగా ఉందమ్మా," అన్నాడు. ఆమె నా వంక చూసింది. ఒక్క వాక్యం చాలు. పనంతా ఈవిడదేనండీ అంటే అయిపోయేది. నేను నవ్వుతూ, "మా ఆవిడ టీ స్పెషలండీ," అన్నాను.

ఆమె ఖాళీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత బల్ల దగ్గరికి రమ్మంటే, "కళ్లు లాగుతున్నయ్," అంది. కళ్లకేం కాలేదు. ఆ నెలలోనే శ్రీనగర్ కాలనీలో ఒక బొటిక్‌లో మగ్గం పనికి చేరింది. ఇప్పుడు అక్కడ ఆమె చెప్పినట్టే అందరూ చేస్తారు. పెళ్లివాళ్లు ఆమె ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని మరీ వస్తారు. ఇంట్లో మాకు మాటలు లేకపోవడం లాంటిదేం లేదు. సీరియళ్ల మీద జోకులేస్తుంది, నా పొట్ట మీద జోకులేస్తుంది. ఇల్లు దానిమానాన అది నడుస్తోంది. ఆ బల్ల దగ్గరికి మాత్రం రాదు. భోజనానికి కూర్చుంటుంది, పనికి కూర్చోదు. పక్కగదిలో ఉన్న మనిషి కోసం ఇంతగా బెంగపడొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

దిద్దుకుందామని చూడకపోలేదు. దర్శకుడి ఆఫీసుకి వెళ్లి, పెట్టె కింద పలకమీద ఆవిడ పేరు కూడా చెక్కించమని మేనేజర్ని అడిగాను. "అయ్యో సార్, మీరూ మేడమూ వేరా ఏంటండీ?" అని నవ్వి కాఫీ చెప్పాడు. యూట్యూబ్ కుర్రాణ్ణి అడిగితే, "సూపర్ సర్, వైఫ్ సపోర్ట్ అని ఇంకో ఎపిసోడ్ చేద్దాం," అన్నాడు. సపోర్ట్ కాదయ్యా, పనే ఆవిడదని చెప్పాను. "అదే సర్, ఎమోషనల్‌గా ఉంటుంది," అన్నాడు. ఫొటో చూపిద్దామంటే రంగు పడకముందు తీసిందొక్కటీ లేదు. బూడిదరంగు కింద ఏముందో చెప్పగలిగేది మేమిద్దరమే.

ఇప్పుడు ఆ సినిమాకి రెండో భాగం తీస్తున్నారు. ఇంకో రకం ట్యాంకు కావాలన్నారు. ఒళ్లు కట్టేశాను. వెల్డింగ్ చారలు నేనే పెడుతున్నాను, గొంగళిపురుగుల్లా వస్తున్నాయి. పూసల కోసం ఆమె డబ్బా అడగడానికి మొహం చెల్లక బేగంబజార్ వెళ్లి కొనుక్కొచ్చాను. చత్వారం అద్దాలు పెట్టుకుని ఒక్కోటి దించుతుంటే సగం జారి నేలమీద దొర్లుతున్నాయి.

ఆమధ్య ఒకరోజు పొద్దున ఆమె షాపుకి తయారై, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, బల్ల పక్కన ఆగింది.

"తాడు గంత బిగ్గ కట్టినవేంది? బట్టలారేస్తరా దానిమీద?" అంది. "జర వదులుండాలె. బరువున్న తాడు అది."

వదులు చేశాను. ఆమె ఇంకా నిలబడే ఉంది. అప్పుడు చెప్పాను, ఇదంతా రాస్తున్నానని. టీ సంగతి కూడా రాశానని.

"రాస్తే రాయి. నన్ను దేవతను చెయ్యకు," అంది. "నాకు నోరు లేదా? ఆ రోజు నేనే అనొచ్చు, సారూ ఇది నేను చేసిన అని. అనలే. నువ్వంటవేమో చూద్దామని ఆగిన."

"తప్పయిపోయింది."

"ఎరుకే."

"వచ్చి కూర్చోవచ్చు కదా. ఈసారి ముందే చెప్పేశాను వాళ్లకి, నువ్వు చేస్తేనే ట్యాంకు అని."

"నన్ను అడగకుండనే?" అని నవ్వింది. అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు. "షాపుల నా కోసం నలుగురు పెళ్లికూతుళ్లు కూసున్నరు. ఆళ్లను ఇడిసిపెట్టి నీ ట్యాంకు కాడ కూసోవాల్నా?"

"ఎప్పుడు వీలైతే అప్పుడే."

స్కూటర్ తాళంచెవి వెతుక్కుంటూ, "చూద్దాం," అంది. వస్తాననలేదు, రాననీ అనలేదు.

అప్పటినుంచి ఆదివారాలు వచ్చి పోతున్నాయి. ఆమె ఒకనాడు బట్టలుతుక్కుంది, ఒకనాడు వాళ్లక్కతో సినిమాకి వెళ్లింది. నేను గుర్తు చేయలేదు. ఒక పక్కంతా పూసలు తీసేసి గుంటలు ఖాళీగా ఉంచాను, నావి ఎలాగూ వంకరగానే ఉన్నాయి. దర్శకుడి ఆఫీసునుంచి రోజూ ఫోన్లు. "సార్, రంగుకి వెళ్లిపోయిందా?" అని అడుగుతాడు మేనేజర్. లేదంటాను. "కనపడని పక్కేదన్నా ఉంటే వదిలేయండి సార్, టైము లేదు," అంటాడు.

ఇంకా పని ఉందని చెప్పి పెట్టేస్తున్నాను.