ఒకటో నంబరు దుంగ

పాత చెక్క పడవను కొనేవాడు ముందు దాన్ని కొట్టి చూడాలి. ప్రతి పలకనూ, అడుగడుక్కీ, చెయ్యి పీకేదాకా సుత్తితో కొట్టాలి. గట్టి చెక్క సుత్తిని వెనక్కి తన్నుతుంది. పుచ్చిన చెక్క దెబ్బను మింగేస్తుంది. ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్ళు తనిఖీ పని చేసినవాణ్ణి. పరీక్షించనిదే ఏ వస్తువునూ బాగుందని రాయలేదు. ఒక్కసారి తప్ప.

భీమిలిలో ఒక పాత మరపడవను మేమిద్దరం కలిసి కొన్నాం. రెండోవాడు పడవ డ్రైవరు. నాకు చుట్టం కాడు, మా మతాలు కూడా వేరు; అయినా ఇరవై ఏళ్ళుగా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటున్నాం. పడవ నడపడం అతడి వంతు, రికార్డు రాయడం నా వంతు. కొనేముందు పలకలన్నిటికీ సుద్దతో నంబర్లు వేశాను. పడవ ముక్కున నిలువుగా నిలబడి, రెండు వైపుల పలకల కొసల్నీ పట్టి ఉంచే దుంగ ఒకటో నంబరు. దాని మీద ఏళ్ళ తరబడి పూసిన పసుపూ కుంకుమా మందంగా పేరుకుని ఉన్నాయి. నేను సుత్తి ఎత్తగానే బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది అమ్మోరి సెక్క బావా. దాని మీద సుత్తి పడకూడదు. మీ సర్చిలో సిలవని నాను సుత్తెట్టి కొడితే నువ్వూరుకుంతావేటి?"

ఊరుకోను. అందుకని సుత్తి దించేశాను. ఇంటికి వచ్చి రికార్డు పుస్తకంలో ఒకటో నంబరు ఎదురుగా "బాగుంది" అని రాశాను. అది మర్యాద అనుకున్నాను. "కొట్టలేదు" అని రాయడానికి ఆ గడిలో చోటుంది. రాసే ధైర్యమే నాకు లేకపోయింది.

చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో ఆ పడవను గట్టెక్కించి చిత్రహింస పెట్టాం. అడుగున పట్టిన గుల్లల్ని గీకాం. పాత రంగును మంటతో కాల్చి తోలులా ఒలిచాం. సుత్తి పట్టిచ్చిన పదకొండు పలకల్నీ గునపాలతో పెళ్ళగిస్తుంటే మేకులు అరుచుకుంటూ ఊడివచ్చాయి. వడ్రంగి బొటనవేలు నలిగి గోరు రాలిపోయింది. నీళ్ళు దూరకుండా పలకల సందుల్లో నూలు దట్టిస్తుంటే ఉలి జారి నా అరచెయ్యి చీలింది. పీకిన ప్రతి పలక మీదా పుచ్చును కప్పి పుట్టీ, పుట్టీని కప్పి రంగు. అమ్మినవాణ్ణి పదకొండుసార్లు మోసగాడని రాశాను. ఒకటో నంబరు వచ్చేసరికి మాత్రం పేజీ తిప్పేశాను.

నిషేధం తీరిన రోజు ఉదయం పడవను నీళ్ళలోకి దించడానికి అంతా సిద్ధమైంది. ముక్కు దగ్గర కోడిని కోశారు. నెత్తురు దుంగ మీదుగా కారింది. పడవలో వెళ్ళవలసినవాళ్ళు ఆరుగురు: బావ, అతడి ఇద్దరు తమ్ముళ్ళు, ముగ్గురు కలాసీలు. వడ్రంగి మూడో పలక కొసను దుంగకు బిగిస్తూ ఆఖరి మేకు కొడుతున్నాడు. అంత పొడుగు మేకు గట్టి దుంగలోకి దిగాలంటే ఇరవై దెబ్బలైనా పడాలి. నాలుగు దెబ్బల్లో తలదాకా దిగిపోయింది. వడ్రంగి చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

సముద్రంలో అల మొదట కొట్టేది ముక్కునే. ఆ దుంగ విడిపోతే రెండు వైపుల పలకలూ ఒక్కసారే విచ్చుకుంటాయి.

పడవ దించవద్దన్నాను. ఒకటో నంబరును నేను కొట్టకుండానే రాశానని అందరి ముందూ చెప్పాను. బావ నా ముందుకొచ్చాడు.

"కొట్టకుండానే బాగుందని రాసీసినావేటి?"

రాశానన్నాను.

"మరి నానూ నా తమ్ముళ్ళూ ఏటి నమ్ముకుని ఎక్కుతన్నాం బావా? నీ రాతే గదేటి."

అతడి చెయ్యి లేవడం నేను చూడలేదు. దవడ మీద పడింది. పడవ కింది ఇనుప పట్టాల మీద కూలబడ్డాను, నోటినిండా రక్తం. తమ్ముళ్ళు అతణ్ణి పట్టుకునేలోగా డొక్కలో రెండుసార్లు తన్నాడు. నాకు కోపం రాలేదని రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, వడ్రంగి పెద్ద సుత్తి చేతికందితే బావ మోకాలు పగలగొట్టాలనే అనిపించింది. సుత్తి చేతికందింది. లేచి, పసుపు మీద, కుంకుమ మీద, కోడి నెత్తురు మీద, బలమంతా పెట్టి ఒకటో నంబరును కొట్టాను.

చప్పుడు రాలేదు. సుత్తి తల లోపలికి దిగబడి ఇరుక్కుపోయింది. ఊడలాగితే పిడికెడు పొట్టు రాలింది. లోపల దుంగ లేదు. సముద్రపు పురుగు తొలిచిన గుల్ల ఉంది.

బావ తమ్ముళ్ళను విదిలించుకుని వచ్చి ఆ కన్నంలో మణికట్టుదాకా చెయ్యి పెట్టాడు. లోపలి చెక్కను గుప్పిళ్ళతో పీకి పారేశాడు. వేళ్ళు చీరుకుపోతున్నా ఆపలేదు. తరవాత వడ్రంగి చేతిలోంచి గొడ్డలి లాక్కుని, తను రోజూ మొక్కిన దుంగను తనే నరికాడు. ముక్కలు ఎగిరి పట్టాల మీద పడుతుంటే ఎవరూ దగ్గరికి పోలేదు. అలసిపోయాక, కాళ్ళ కింద నలిగిన నా పుస్తకాన్ని తీసి లుంగీకి తుడిచి నాకందించాడు.

"రాయి బావా. పుచ్చిపోనాదని రాయి. నిన్ను కొట్టినానని కూడా రాయి."

"బాగుంది"ని అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. దవడ మీద ఒకటి, డొక్కలో రెండు అని రాశాను. కదిలిన పన్ను ఏదో కూడా రాశాను.

కొత్త దుంగ నిలబెట్టిన రోజున బావ పసుపు గిన్నెను పక్కన పెట్టి, ముందు సుత్తి నా చేతికిచ్చాడు. అప్పటికి నా దవడ ఇంకా సరిగా తెరుచుకోవడం లేదు. కింది నుంచి పైదాకా కొట్టాను. అతడు దుంగకు చెవి ఆనించి ప్రతి దెబ్బా విన్నాడు.