పీత తలలో పరుపు

మొన్న తెనాలిలో స్కూటరుకి హెల్మెట్టు కొనక తప్పలేదు. ఇన్నాళ్ళూ పోలీసులు కనిపించగానే పెట్రోలు అయిపోయినట్టు బండి దిగి, ఉసూరుమంటూ నెట్టుకుపోయే ఉపాయం ఒకటి ఉండేది నాకు. నెలకి పదిసార్లు పెట్రోలు అయిపోయేసరికి వాళ్ళకీ జాలి అయిపోయింది. షాపతను ఒక హెల్మెట్టు నా నెత్తిన బోర్లించి, "లోపలి మెత్త ఊడొస్తది బాబాయ్, ఉతుక్కోవచ్చు. వాడగా వాడగా తలకి తగ్గట్టు అణుగుద్ది," అన్నాడు. అతని మాట నాకు సగమే వినపడింది. ఆ కొత్త స్పాంజి వాసనలో, ఆ మూసుకుపోయిన చీకట్లో, నాకు ఎదురుగా ఒక ఎర్రటి పీత రెండు డెక్కలూ పైకెత్తి నిలబడింది. కోతలు కోస్తున్నానని మా వాళ్ళెవరైనా అంటే పట్టించుకోకండి. ఈ ఒక్క సంగతిలో నేను చెప్పేదంతా నిజం, ఒక్క ఏనుగు తప్ప.

మా అక్క వాళ్ళది రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్ళాక వచ్చే ఊరు. బావ చేపల పడవలకి ఫైబరు పని చేస్తాడు. పడవ ఎక్కడ పగిలినా గుడ్డ పరిచి, జిగురు పోసి, ఎండబెట్టి, రాయిలా చేసి ఇస్తాడు. వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, అప్పట్లో బాపట్లలో ఇంజనీరింగు చదువుతుండేది. ఏటా వాళ్ళ కాలేజీలో వేషాల పోటీ. అద్దెకి తెచ్చిన వేషం పనికిరాదు, ఇంట్లోనే తయారు చేసుకోవాలి, దాంతో రెండు నిమిషాలు స్టేజీ మీద ఏదో ఒకటి చేసి చూపించాలి. మొదటి ఏడాది ఇది అట్టముక్కలతో యోధురాలి శిరస్త్రాణం చేసుకుని వెళ్ళింది. కత్తి తిప్పుతూ గిర్రున తిరిగితే తల తిరిగింది గాని శిరస్త్రాణం తిరగలేదు. కంటి కన్నాలు కాస్తా చెవి మీదికి వచ్చాయి. పాపం, ఏ దిక్కో తెలియక, వెనకనున్న తెరకి వంగి దణ్ణం పెట్టింది. ఆ రోజు నుంచి కాలేజీలో దాని పేరు పోయి 'తెరకి దణ్ణం' అయింది. క్యాంటీన్లో టీ ఇచ్చే ఆయన కూడా ఆ పేరుతోనే పిలిచేవాడట. మరుసటి ఏడాది పోటీ దగ్గర పడగానే అది తీర్మానం చేసేసింది. ఈసారి పీతరాణి వేషం. మూడు సార్లు గిర్రున తిరగాలి, తిన్నగా జడ్జీల వైపే దణ్ణం పెట్టాలి, ఆ పేరు అక్కడే దిగిపోవాలి.

బావ పాత పడవ అతుకులకి తెచ్చిన ఫైబరులో మిగిలింది పెట్టి, బోర్లించిన బిందె మీద పోతపోసి పీత తల చేశాడు. పైన ఎర్ర రంగు, నుదుటి మీద రెండు డెక్కలు, కర్రపుల్లల చివర పింగ్‌పాంగ్ బంతుల కళ్ళు. బయటి నుంచి చూస్తే నిజం పీత కూడా సిగ్గుపడాలి. లోపల మాత్రం పనసకాయ తొక్కని తిరగేసి పెట్టినట్టుంది. చెయ్యి పెడితే గీరుకుపోతుంది. దానికి లోపల మెత్త వెయ్యాలి, అస్తరు కుట్టాలి. ఎవరు కుడతారని ప్రశ్న రానే రాలేదు. "మావయ్య ఉన్నాడుగా," అంది పిల్ల. ఎందుకంటే, దాని చిన్నప్పుడు దానికి అన్నం తినిపించడానికి నేనొక కథ చెప్పాను. మద్రాసులో ఓ సినిమా కోసం మూడొందల మంది సైనికుల శిరస్త్రాణాలకి లోపలి మెత్తలన్నీ నేనే కుట్టానని, చివరికి ఏనుగు కిరీటానికి కూడా నన్నే పిలిచారని, దానికి మూడు పరుపులు పట్టాయని. అసలు నిజం ఏమిటంటే, తెనాలిలో ఒక పరుపుల కొట్లో మూడు నెలలు పని చేశాను. దూది మీద పడుకుని నిద్రపోతుంటే పంపించేశారు. ఇంట్లో నా మాటలు నమ్మడం అందరూ ఎప్పుడో మానేశారు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. అందుకని ఆ పీత తల నా ఒళ్ళో పెట్టినప్పుడు దాని పరువుతో పాటు నాకున్న ఒకే ఒక్క శ్రోత కూడా నా ఒళ్ళో పడింది.

ఎంత హుషారుగా కుట్టానో చెప్పలేను. ఎర్ర శాటిను గుడ్డ కొన్నాను. దిండ్లు రెండు విప్పి బూరుగు దూది తీశాను. సంచుల్లా కుట్టి, దూది కూరి, చుట్టూ అంటించి, అంచుకి జరీ కూడా వేశాను. పోటీ రేపనగా పొద్దున్నే అక్కవాళ్ళ వాకిట్లో పరీక్ష. పిల్ల తల పెట్టి, "మావయ్యా, మేఘంలో పెట్టినట్టుంది," అంది. నా ఛాతీ జానెడు పెరిగింది. మొదటి చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టుకి చెమటపట్టి దూదంతా ఒక పక్కకి జారింది, పీతకి ఒక బుగ్గ వాచింది. మూడో చుట్టుకి కుట్టు వదిలి దూది పోగులు ముక్కులోకి వెళ్ళాయి. పిల్ల తుమ్మిన తుమ్ముకి కన్నాలు చెవి మీదికి వచ్చేశాయి. అది వంగి దణ్ణం పెట్టింది. ఎదురుగా ఉన్నది బావగారి గేదె.

ఎవరూ నవ్వలేదు. అదే భరించలేకపోయాను. పిల్ల పీత తల తీసి గట్టు మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ, "దూది ఎక్కువైందేమో మావయ్యా. ఏనుక్కి ఎంత పెట్టావు?" అని అడిగింది. నేను ఏనుగు లెక్క చెప్పడం మాని, రాలిన దూది ఏరుకున్నాను. నా జన్మలో అదే మొదటిసారి.

మా అమ్మ అరుగు మీద ఎండుచేపలు ఏరుకుంటూ ఇదంతా చూస్తోంది. అమ్మ పాతికేళ్ళు తలమీద చేపల గంప పెట్టుకుని, రేపల్లెలో పాసింజరెక్కి తెనాలి దాకా వచ్చి, వీధి వీధీ తిరిగి అమ్మిన మనిషి. గంపకి చెయ్యి వెయ్యకుండా రైలు మెట్లు దిగేది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, పీత తలలో వేళ్ళు పెట్టి నొక్కి చూసింది.

"పరుపు కుట్టావురా," అంది. "తల పడుకోడానికి కుట్టావు. నిలబడ్డానికి కుట్టాలి."

తర్వాత జరిగిందంతా ఓ గంటలో అయిపోయింది. అమ్మ పిల్ల తలంతా పుచ్చకాయ చూసినట్టు వేళ్ళతో తడిమి, బరువు దిగాల్సింది నుదుటి మీద కాదు, నడినెత్తి మీద అని చూపించింది. తన పాత నేతచీర తెమ్మంది. కొత్త గుడ్డ జారుతుందట, ఉతికి ఉతికి అరిగిందే పట్టుకుంటుందట. చీర పొడుగ్గా చింపి, అరచేతికి చుట్టి, మెలితిప్పి చుట్టకుదురు చేసింది. గంప కింద పెట్టుకునేది, అచ్చు అదే. బావ పీత తలకి నాలుగు కన్నాలు పొడిచాడు. వల అల్లే దారంతో కుదురుని ఆ కన్నాలకి బిగించి కట్టింది అమ్మ. నా దూదంతా పీకేసింది. ఎర్ర శాటిను కూడా పీకేస్తుందనుకున్నాను. నా మొహం చూసి, "ఇది ఉండనీ, గీరుకోకుండా ఉంటది," అని ఆ గుడ్డని చుట్టూ అస్తరుగా పరిచి కుట్టేసింది.

మర్నాడు బాపట్లలో హాలు కిటకిటలాడిపోయింది. నేనూ అమ్మా రెండో వరసలో కూర్చున్నాం. పీతరాణి రాగానే వెనకనుంచి ఎవరో "తెరకి దణ్ణం" అని అరిచారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. పిల్ల పక్కవాటంగా పీత నడక నడిచింది, డెక్కలు ఆడించింది, ఆగింది, తిరిగింది. ఒకటి. కళ్ళు ముందే ఉన్నాయి. రెండు. మూడోది మా వాకిట్లో తిరిగినదానికి రెట్టింపు వేగం. పింగ్‌పాంగ్ బంతులు ఊగాయి గాని తల మేకు కొట్టినట్టుంది. తిన్నగా జడ్జీల వైపు తిరిగి, నడుం వంచి, తాపీగా దణ్ణం పెట్టింది. ఈలలు వేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ వయసులో వెయ్యకూడదంటారు, పళ్ళ సందుల్లోంచి దానంతటదే వచ్చింది. మొదటి బహుమతి నిజం గెల భుజాన వేసుకొచ్చిన అరటిచెట్టుకి పోయింది. మాది రెండోది. మైకు పట్టుకున్న మేడంగారు ఈ తల ఎవరు చేశారని అడిగితే, పిల్ల, "పైది మా నాన్న చేశారండి. కుదురు మా అమ్మమ్మ కట్టింది. లోపలి అస్తరు మా మావయ్య పని. ఆయన సినిమాలకి కుట్టారండి, ఏనుక్కి కూడా," అంది.

హాలంతా చప్పట్లు. అమ్మ నా వైపు తిరిగి, "ఏనుగేంట్రా?" అంది.

తిరుగు బస్సులో పీత తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో నగరం అనే ఊరు దాటాక ఇక ఉండబట్టలేక, ఆ ఏనుగు సంగతి నిజం కాదని పిల్లతో చెప్పేశాను.

"నాకు ఆరో తరగతిలోనే తెలుసు మావయ్యా," అంది, కిటికీలోంచి చూస్తూ. "తెలిసిపోయిందంటే చెప్పడం మానేస్తావని ఊరుకున్నా."

మొన్న కొన్న హెల్మెట్టు నాకు కాస్త వదులు. షాపతను చిన్నది ఇస్తానన్నా వద్దన్నాను. అమ్మ ఇప్పుడు గంప ఎత్తడం లేదు గాని, ఆదివారం అక్క వాళ్ళూరు వెళ్తే ఒక కుదురు చుట్టిపెట్టింది. దాని మీద హెల్మెట్టు పెట్టుకుని తెనాలి దాకా వచ్చాను, ఒక్కసారి కూడా కదల్లేదు. దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను. ఆరో తరగతి నుంచి ఆ బస్సు దాకా అన్నేళ్ళు ఆ పిల్ల నా కోతల గంపని తలమీద మోసింది, చెయ్యి వెయ్యకుండా, ఒక్కటి కూడా కింద పడనివ్వకుండా.