రోడ్డు మీద నిలవని అంబాసిడర్

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయినట్టే. కొత్తపేట చుట్టూ ద్రాక్షతోటలు, ఇప్పుడు ఎల్బీనగర్ కూడలి ఉన్నచోట కంకర తేలిన నేల, దాని నడుమ నుంచి విజయవాడ రోడ్డు. మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా బాపు పాత అంబాసిడర్‌ను టాక్సీగా నడిపేవాడు. అది అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. బడులు మూతపడ్డాయి. బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, చౌటుప్పల్ అవతలి మా అమ్మమ్మ ఊరి నుంచి ఒకాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. అమ్మమ్మకు మాట పడిపోయిందనీ, కుడిచెయ్యి లేవడం లేదనీ చెప్పాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బాపు వెంటనే కారు తీశాడు. ఇంట్లో చూసుకునే దిక్కు లేక నన్నూ ఎక్కించుకున్నారు.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. వీధుల్లో మెల్లగా పోతే బాగానే ఉండేది. పెద్ద రోడ్డెక్కి వేగం పెంచితే మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ పోయేది. స్టీరింగు కొంచెం తిప్పితే ఏమీ జరిగేది కాదు, ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా ఎక్కువ తిరిగేది. అంతకుముందే ఒక మెకానిక్ చూసి, ముందు చక్రాలను తిప్పే రాడ్ల చివర కీళ్లు అరిగాయని కొత్తవి వేశాడు. జబ్బు పోలేదు. బాపు టైర్లలో గాలి సరిచేయించాడు, టైర్లే మార్చి చూశాడు. అయినా పోలేదు.

హయత్‌నగర్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. "జర తొందరగా పోనీయ్" అంది అమ్మ. బాపు వేగం పెంచాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. బాపు పక్కకు తిప్పాడు, కారు తిరగలేదు. ఇంకా తిప్పేసరికి గిర్రున తిరిగి రోడ్డు దిగి, గుంటలో దూకి, కంకరలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ కుదుపుతో జబ్బు ముదిరింది. నడక వేగానికి కూడా కారు రోడ్డు మీద నిలవడం మానేసింది. రిపేరు సామాను ఇంట్లో ఉంది. బాపు పళ్లు కొరుకుతూ వెనక్కి తిప్పాడు.

"నువ్వే కదనే తొందర తొందర అన్నవ్!" అని అరిచాడు.

"మా అమ్మ గట్ల పడి ఉంటే తొందర అనొద్దా?" అని అమ్మ కూడా అరిచింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదు.

మర్నాడు బందు. ఒక్క మెకానిక్ దుకాణం కూడా తెరవలేదు. బాపు వీధిలోనే చక్రాల వెనక రాళ్లు పెట్టి కారు కిందకు దూరాడు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "బిడ్డా, జరంత ఎడమకు, జరంత కుడికి తిప్పు. కింది చక్రాలు కదలొద్దు, స్టీరింగు ఉత్తగ ఆడేకాడికే" అన్నాడు. వీధి చివరి కూడలి వైపు నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. నా జతగాళ్లంతా ఊరేగింపు చూడడానికి పరుగెత్తారు. నేను మాత్రం ఎండకు కాలిన సీటు మీద కూర్చుని ఎడమ, కుడి, ఎడమ, కుడి. భుజాలు పీకాయి. కిందనుంచి బాపు "మళ్ల" అంటాడు. "మళ్ల" అంటాడు. చివరికి బయటికొచ్చి చేతిలో పానా గోడకేసి కొట్టాడు. గోడ పెచ్చు ఊడింది. "కొత్త కీళ్లు మంచిగనే ఉన్నయ్. మరి ఏందిది!" అన్నాడు.

నాకూ ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నువ్వు తిప్పు, నేను చూస్త" అన్నాను. ఆయన తిడతాడనుకున్నాను. చేతులు తుడుచుకుని వచ్చి సీట్లో కూర్చున్నాడు.

నేను గౌను మట్టి చేసుకుంటూ కిందకు పాకాను. ఏ ముక్క పేరేమిటో నాకు తెలియదు కాబట్టి అన్నిటినీ చూశాను. బాపు తిప్పినప్పుడల్లా చక్రాల కంటే ముందు, నడుమ అడ్డంగా ఉన్న లావు గొట్టమే పక్కకు జరుగుతోంది.

"బాపూ, గీ పెద్ద గొట్టం మొత్తం జరుగుతుంది!"

"అది జరగదు బిడ్డా. స్టీరింగు రాడ్డు దాని లోపల జరుగుతది, గొట్టాన్ని కారుకు బిగించి ఉంటది."

"జరుగుతుంది!"

బాపు దిగాడు. అమ్మను పిలిచి స్టీరింగు దగ్గర కూర్చోమన్నాడు. ముందటి సాయంత్రం నుంచి వాళ్ల నడుమ అదే మొదటి మాట. అమ్మ ఎన్నడూ ఆ సీట్లో కూర్చోలేదు. బెదురుతూనే తిప్పింది. బాపు నా పక్కన బోర్లా పడుకుని చూశాడు. గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టులు వదులై, ఒకటి దాదాపు ఊడిపోవడానికి వచ్చింది.

ఆ బోల్టును వేలితో కదిపి చూశాడు. తర్వాత మెల్లగా, "ఆ మెకానిక్ కీళ్లన్నడు, నేను కీళ్లనే చూసుకుంట కూసున్న. గిటు చూడనే లేదు" అన్నాడు.

బోల్టులు బిగించాక కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. తోవలో బందు చేయిస్తున్న కుర్రాళ్లు ఆపారు. సంగతి విని, బానెట్ మీద సుద్దతో 'జై తెలంగాణ' అని రాసి వదిలేశారు. ఆ సాయంత్రమే అమ్మమ్మను పట్నం దవాఖానలో చేర్చాం. నిన్ననే తెచ్చి ఉంటే ఆ చెయ్యి దక్కేదేమో అన్నాడు డాక్టరు. అమ్మమ్మకు మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. ఆమె మా ఇంట్లోనే ఎడమచేత్తో తింటూ చాలాకాలం బతికింది. ఆమె కంచంలో అన్నం కలిపి పెట్టినప్పుడల్లా అమ్మ ముఖం తిప్పుకునేది. బాపు ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు.

చేజారిన ఆ ఒక్క రోజు మీద నాకు ఇప్పటికీ కోపమే. అది ఎవరి మీద చూపాలో ఇన్నేళ్లలో తేలలేదు. కానీ అంత కోపంలో, అంత ఆరాటంలో కూడా మా బాపు చిన్నపిల్ల మాట విని మట్టిలో పడుకుని చూశాడు. మా ఇంట్లో పిల్లలెవరైనా "అక్కడేదో ఉంది, చూడు" అంటే నేను మోకాళ్లు పట్టుకుని వంగి చూస్తాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. అయినా చూస్తాను.