తడి ఆరేలోపు

మా మావగారు పోయారని పోయిన మంగళవారం పొద్దున్న భిలాయి నుంచి మరిది ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట, ఏ హడావుడీ లేకుండా. గడియారం చూసుకుంటూ బొమ్మలు వేసిన మనిషి.

తొంభైల్లో నేను విజయనగరం నుంచి భిలాయిలోని రుఆబాంధా క్వార్టర్‌కి కోడలిగా వచ్చేనాటికి ఆయన ఉక్కు ప్లాంటులో రిటైరైపోయారు. కుడిచెయ్యి వణికేది. మాత్ర వేసుకుంటే ఓ అరగంట నిలకడగా ఉండేది. బొమ్మలన్నీ ఆ అరగంటలోనే. నూనె రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనకి అత్తగారికి ఆయాసం వస్తోందని నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులకి మారారు. ఒక రంగు తడిగా ఉండగానే రెండోది అందులో కలవాలి. భిలాయి ఎండలకి అవి నిమిషాల్లో బిగుసుకుపోయేవి. అందుకే బొమ్మ వేసే బోర్డు ముందే తడిపేవారు, పళ్లెంలో రంగుల కింద తడిగుడ్డ పరిచేవారు. ఎన్ని బోర్డులు పాడయ్యాయో. "పర్లేదమ్మా, చెయ్యి తెలుసుకుంతంది," అనేవారు.

ఒక మే నెలలో అత్తగారికి విశాఖలో గుండె ఆపరేషన్ ఖాయమైంది. బయల్దేరే రోజు, సాయంత్రం దుర్గ్ స్టేషన్లో రైలు. ఆవిడ సంచి సర్దడం ఆపి, "ఇన్నేళ్లూ ప్లాంటు మంటలే ఏసారు. నన్నొక్కసారి ఎయ్యండి," అన్నారు.

ఆయన మాత్ర మింగి నాతో, "పంకా బంద్ చెయ్యమ్మా," అన్నారు.

నేను పక్కన నిలబడి బోర్డు మీద నీళ్లు చిలకరిస్తున్నాను. చెంపకి గోధుమరంగు, అది ఆరకముందే పసుపు, నీడకి నీలం. ఒక కన్ను అయింది. రెండోది మొదలెట్టగానే బ్రష్షు వణికింది. నేను ఆయన మణికట్టు పట్టుకోబోయాను.

"ఒగ్గీయమ్మా. నువ్వు పట్టుకుంటే అది నీ గీత అయిపోద్ది."

వణికే చేత్తోనే అద్దారు. నీలం చెంపలోకి పాకింది. బయట ఆటో హారన్ మోగింది. ఆయన తడిగుడ్డతో అంతా తుడిచేయబోతే అత్తగారు ఆపారు.

"ఉండనీండి. నాకు బయంగానే ఉంది. బొమ్మా అలాగే వచ్చింది."

"తిరిగొచ్చాక మంచిది ఏస్తాను," అన్నారాయన. ఆవిడ సంచి అందుకున్నారు.

మావారు ఆవిడని తీసుకెళ్లారు. వణుకుతో అంత ప్రయాణం చెయ్యలేక మావగారు నాతో ఉండిపోయారు. పక్కింటి ఫోన్ మోగితే చాలు, లేచి నిలబడేవారు. నేను కూరలో ఉప్పు మరిచిపోయినా అలాగే తినేసేవారు. ఆయనంటే నాకున్న బెరుకు ఆ రోజుల్లోనే పోయింది.

నెల తర్వాత ఆవిడ వచ్చే రోజున బోర్డు తడిపి, రంగులు పిండి, మాత్ర వేసుకుని కూర్చున్నారు. అత్తగారు చాలా చిక్కిపోయారు. ప్రయాణం చీరతోనే వచ్చి ఎదురుగా కూర్చుని, "ఊఁ, ఎయ్యండి," అన్నారు.

చెయ్యి నిలకడగానే ఉంది. ఆయన బ్రష్షు ముంచలేదు, గడియారమూ చూసుకోలేదు. ఆవిడనే చూస్తూ ఉండిపోయారు. పళ్లెంలో రంగులు అంచుల నుంచి మెల్లగా బిగుసుకుపోతున్నాయి.