పుల్లకి పెట్టిన తిండి

ఇవాళ పొద్దున మా మనవరాలు పెరట్లో కుక్కపిల్లకి అన్నం కలిపి, అది ఎక్కడా కనబడకపోయేసరికి గిన్నె అంచు మీద గరిటెతో టంగుటంగున కొట్టింది. నేను వసారాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాను. ఎలా లేచానో నాకే తెలీదు, వెళ్ళి దాని చేతిలో గరిటె లాగేసుకున్నాను. "ఏంటమ్మమ్మా, అన్నానికేగా పిలుస్తున్నాను!" అని అది తెల్లబోయింది. "నోటితో పిలవ్వే! దేవుడు నోరిచ్చాడు కదా" అన్నాను. పాపం, దానికేం తెలుసు? వాళ్ళ తాత మీదున్న కోపం దాని మీద చూపించాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కోపం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో మాట ఇది. మా అత్తవారి ఊరు నరసాపురం కాలువ గట్టు మీద. ఇప్పుడంటే రైలొచ్చింది గాని, అప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్నా పడవే. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ తీరిగ్గా వెళ్ళేది. లోపల కూర్చున్నవాళ్ళు ఒక నిద్ర తీసి, లేచి, పెరుగన్నం తిని, మళ్ళీ పడుకునేవారు. కాలువలు తవ్వాక చుట్టుపక్కల చేలన్నీ పచ్చబడ్డాయి, ఒక్క మా మామగారి మెరక చేను తప్ప. దానికి నీళ్ళు ఎక్కేవి కావు. ఎగువన ఇంకో తూము పెడితేనే ఎక్కుతాయట, తూము పెట్టాలంటే కాలువల మీద అజమాయిషీ చేసే తెల్లదొర సరేననాలట. రోజూ అన్నాల దగ్గర ఇదే గోల. మెరకచేను గొడవ నాకెందుకని నేను వడ్డన చూసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మామగారు పడవలో ఒక కుక్కని తెచ్చారు. వేటకుక్కల జాతిదట. సన్నటి మూతి, పొడుగాటి కాళ్ళు, తోలు కింద ఎముకలన్నీ బయటికి కనబడుతూ, పాపం, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది. ఇంట్లో అందరూ దాన్ని పుల్ల అన్నారు, అదే పేరయింది. "అమ్మాయ్, ఇదిగో, ఇది నీకు. దీన్ని కాస్త మనిషిని చెయ్యమ్మా" అన్నారు మామగారు. నీకు అన్నారు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి పుట్టింటి పెట్టె తప్ప ఏమీ లేదప్పుడు. ఆ ఒక్క మాటకి నేను పొంగిపోయాను.

దాన్ని మనిషిని చెయ్యడం అంత తేలిక్కాదు. ఒక్క క్షణం కుదురుండేది కాదు. కాలువలో పడవ కనబడితే చాలు, తాడు లాగే మనుషుల పక్కన పరుగు లంకించుకునేది. లాకుల దాకా వెళ్ళి, ఎదురొచ్చే పడవతో వెనక్కి వచ్చేది. తిన్నదంతా గట్టు మీదే అరిగిపోయేది. మా ఇంట్లో వాళ్ళకి ఎడ్లని మేపడం తప్ప ఇంకోటి తెలీదు. అందుకని మామగారు ఉడకబెట్టిన ఉలవలూ తెలకపిండీ పెట్టమన్నారు. "కుక్కకి ఉలవలేంటండీ, చోద్యం కాకపోతే! రేపు నాగలికి కడతారా ఏంటి?" అని అత్తగారు నవ్వారు. పుల్ల మొహమాటానికన్నట్టు తిని, మర్నాడు పెరడంతా పాడుచేసింది. కడిగింది నేనే. తరవాత మా ఆయన ఎండుచేపలు తెచ్చిపెట్టారు. ఆ ఉప్పుకి అది కుండలో నీళ్ళన్నీ తాగేసి రాత్రంతా తిరిగింది.

ఇక అందరి మాటా వినడం మానేశాను. నూకలు మెత్తగా ఉడికించి, ఉప్పు లేకుండా ఉడకబెట్టిన చేపలు ముళ్ళు తీసి అందులో కలిపేదాన్ని. ఉన్నరోజున ఒక గుడ్డు. ఒకేసారి బోలెడు పెడితే సగం వదిలేసి పరిగెత్తేది కాబట్టి, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టి, తిన్నాక పడవలు కనబడకుండా పశువుల పాకలో కట్టేసేదాన్ని. "నెయ్యి పెట్టకే, కుక్కకి బొచ్చు ఊడిపోద్ది" అనేవారు అత్తగారు. నా కంచంలో వేసిన నెయ్యిలో కొంచెం దాని గిన్నెలోకి జార్చేదాన్ని. బొచ్చు ఊడలేదు సరికదా, నిగనిగలాడింది.

గట్టు మీదున్నదాన్ని తిండికి పిలవడమే పెద్ద చిక్కు. కొత్త కోడలు నోరెత్తి కేకేస్తే ఊరంతా ఆడిపోసుకునే రోజులవి. అందుకని పెరటి గుమ్మంలో నిలబడి, దాని చొట్టగిన్నె మీద గరిటెతో కొట్టేదాన్ని. ఎంత దూరాన ఉన్నా ఆ చప్పుడుకి రివ్వున వచ్చేసేది. మా ఆయన సాయంత్రాలు వచ్చి ఆ ముచ్చట చూస్తూ కూర్చునేవారు. "ఏదీ, నన్నోసారి కొట్టనీ" అని గరిటె అడిగి తీసుకునేవారు. నా మీదా నా కుక్క మీదా ఆయనకి ఎంత ప్రేమో అని మురిసిపోయాను. మామగారు దాని పక్కలు తడిమి "భేష్ అమ్మాయ్! ఇంకొంచెం రావాలి" అనేవారు. ఇంకొంచెం ఎందుకు రావాలో అడగాలని తోచలేదు.

పుల్లకి ఒళ్ళు నిండిన తరవాత ఒకరోజు పొద్దున పొయ్యి దగ్గరున్నాను. టంగుటంగుమని నా గిన్నె చప్పుడు కాలువ వైపు నుంచి వినబడింది. చూస్తే గిన్నె పెట్టినచోట లేదు. గుమ్మంలోకి పరిగెత్తాను. రేవులో దొరగారి పడవ ఆగి ఉంది. పడవ ముందు భాగంలో మా ఆయన నిలబడి గిన్నె మీద గరిటెతో కొడుతున్నారు. గట్టు మీద మామగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పుల్ల ఎక్కడి నుంచో ఉరికి వచ్చి ఒక్క గెంతులో పడవలో పడింది. దొర మనిషి దాని మెడకి గొలుసు తగిలించాడు. అది గిన్నెలోకి మూతి పెట్టింది. గిన్నెలో ఏమీ లేదు.

"పుల్లా!" అని అరిచాను. గట్టు మీద మనుషులంతా తిరిగి చూశారు. పుల్ల కూడా చెవులు నిక్కించి అటూ ఇటూ చూసింది గాని నావైపు చూడలేదు. నా గొంతు అంత గట్టిగా అదెప్పుడూ వినలేదు. మళ్ళీ గిన్నె వైపే తిరిగింది.

"నలుగురిలో ఆ కేకలేంటే!" అని అత్తగారు నన్ను లోపలికి లాక్కెళ్ళారు. మా ఆయన వచ్చి గిన్నె నా ముందు పెట్టి, "దొర సరేనన్నారు. తూము వచ్చుద్దే, మన చేను పండుద్ది. కుక్కదేముంది, ఇంకోటి తెస్తాను" అన్నారు. "మీకీ సంగతి ఎప్పుడు తెలిసింది?" అన్నాను. "తెచ్చినరోజే తెలుసు. ముందే చెబితే నువ్వు అంత శ్రద్ధగా పెట్టేదానివా?" అన్నారు. చేసిన మోసం కంటే, అది తెలివైన పనన్నట్టు ఆయన చెప్పిన తీరు నన్ను ఎక్కువ కాల్చింది. ఇంకో కుక్కని నేను తేనివ్వలేదు.

తూము వచ్చింది. మెరక చేను పండింది. ఆ బియ్యమే వండాను, వడ్డించాను, తిన్నాను. ఆయనతో కాపరం చేశాను, పిల్లల్ని కన్నాను, నవ్వాను కూడా. కానీ ఆయన దగ్గరకొచ్చి నా వంటని మెచ్చుకున్నప్పుడల్లా, దీని వెనక ఏం తూము ఉందో అనుకునేదాన్ని. ఇప్పుడు నేను పిలిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది, ఆడిపోసుకునేవాళ్ళూ ఎవరూ మిగల్లేదు. ఆ రోజుకి కావలసిన గొంతు నాకు ఇన్నేళ్ళకి వచ్చింది.